గాలికి ఆగిన పడవలు

ఇలా దగ్గరికి వచ్చి కూర్చోండమ్మా, ఆ కుర్చీ పొయ్యి పక్కకు లాక్కోండి. చేతిపనేదైనా ఉంటే అదీ తెచ్చుకోండి, వింటూ చేసుకోవచ్చు. ఒడెట్ కథ చెబుతాను. ఈ ఒడ్డున ఇంటింటా చెప్పుకునే ఒడెట్ కథ ఒకటుంది. అందులో ఆమె పొగరుబోతు, వేట సీజన్ ముంగిట మొగుణ్ణి అందరిలో తలదించుకునేలా చేసి ఇల్లు వదిలి వెళ్ళిపోయిన మనిషి. అది మీ చెవిన పడే ఉంటుంది. ఇప్పుడు ఇది వినండి.

ఆ గురువారం మధ్యాహ్నం ఒడెట్ వంటింట్లో బంగాళాదుంపలు తురుముతోంది. నెలలు నిండిన పొట్ట బల్లకు అడ్డం వస్తుంటే పక్కకు తిరిగి కూర్చుని, తురుముపీటను మోకాలికి ఆనించుకుని తురుముతోంది. రాపీ పై అనే ఈ దుంపల వంటకం చేయడమంటే, ఫ్రెంచి మాట్లాడే మా అకేడియన్ల ఇళ్ళలో మాటలు కాదు. బకెట్టెడు దుంపలు తురమాలి. ఆ తురుమును గుడ్డలో మూటకట్టి, పొడిపొడిగా అయ్యేదాకా నీళ్ళు పిండాలి. కోడి ఉడికిన నీళ్ళు సలసల మరుగుతుండగా పోసి కలపాలి, మధ్యలో మాంసం పరిచి పొద్దస్తమానం ఓవెన్‌లో ఉంచాలి. సీజన్ మొదలయ్యే ముందు పడవ మనుషులందరికీ కెప్టెన్ ఇంట్లో రాపీ పై పెట్టడం ఆనవాయితీ. కెప్టెన్ ఇంట్లో అంటే కెప్టెన్ చేస్తాడని కాదు.

కెప్టెన్ ఆమె మొగుడు రెనాల్డ్. అతనికి ముందు కెప్టెన్ అతని తండ్రి ఆల్ఫోన్స్. ఒడెట్ పెద్దకూతురు మార్గో పుట్టినప్పటినుంచి ఆల్ఫోన్స్‌ను ఇంటిల్లిపాదీ పెపే అని పిలుస్తారు, అత్తగారు ఎర్నెస్టీన్‌ను మెమే అంటారు. తాతా నానమ్మా అన్నమాట. పాత ఇల్లు, కొత్త ఇల్లు ఒకే ప్రహరీలో ఉంటాయి. ఒడెట్ వంటింటి తలుపు తట్టి వచ్చే అలవాటు వాళ్ళెవరికీ లేదు.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే పట్నం ఆసుపత్రిలో ఒడెట్‌కు ఆపరేషన్. రెండో బిడ్డను కూడా కోసే తీస్తారు. ఆపైన వచ్చే సోమవారం బోనులు సముద్రంలోకి దించే రోజు. నవంబరు ఆఖరి సోమవారం నోవా స్కోషియా నైరుతి కొసన ఉన్న పడవలన్నీ తెల్లవారకుండానే, మోయలేనన్ని లాబ్‌స్టర్ బోనులు, పెద్ద రొయ్యలను పట్టే పంజరాలు, మోసుకుని ఒక్కసారే రేవు వదులుతాయి. ఆ చలికాలం పట్టిందే ఏడాదంతా తిండి. అందుకే మా ఒడ్డున డిసెంబరులో పెళ్ళిళ్ళు ఉండవు, పంటి నొప్పులు కూడా ఉండకూడదు. ఒడెట్‌కు డిసెంబరు మొదటి వారంలో నెలలు నిండుతాయని తెలిసినప్పుడు రేవులో రెనాల్డ్‌ను ఎంత ఆటపట్టించారో. కాలెండరు చూసుకోవడం రాదా, మీ ఇంట్లో గోడ గడియారం కూడా లేదా అన్నారు. అతను నవ్వాడు. ఇంటికొచ్చి ఆ జోకులన్నీ ఒడెట్‌కు ఒప్పజెప్పాడు, తప్పంతా ఆమెదే అన్నట్టు.

ఆపరేషన్ రోజు నిర్ణయమైంది కూడా ఈ వంటింట్లోనే, సెప్టెంబరులో. ఒకసారి కోసిన వాళ్ళకు మళ్ళీ కోయడమే మా పద్ధతి, రాత్రిపూట మత్తు ఇచ్చే డాక్టరు ఇక్కడ ఉండడు, ఏ రోజు కావాలో చూసుకుని చెప్పండి అన్నాడు పట్నం డాక్టరు. చూసుకున్నారు. రెనాల్డ్ ఫోన్ తీశాడు. సోమవారానికి ముందు శుక్రవారమైతే బాగుంటుంది, ఆదివారానికి ఇంటికి తెచ్చుకోవచ్చు అంది మెమే. అప్పటికి బోనులు కూడా ట్రక్కెక్కించేసి ఉంటాం అన్నాడు పెపే. ఒడెట్ ఆ మూల కూర్చుని బోనుల్లోకి దూరింది మళ్ళీ బయటికి రాకుండా పెట్టే గరాటు వలలు అల్లుతోంది. ఇప్పుడు వాటిని అందరూ కొనుక్కుంటారు గానీ, ఇంటి ఆడవాళ్ళు చేత్తో అల్లిన వల్లోకే లాబ్‌స్టర్ బాగా దిగుతుందని పెపే నమ్మకం. నమ్మకం ఆయనది, వేళ్ళు మాత్రం ఆమెవి. నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా ఆగితే ఏమవుతుంది అని ఆమె అడిగింది. ముగ్గురూ ఆమె వైపు చూశారు, పిల్లి మాట్లాడినట్టు. చూద్దాం అన్నాడు రెనాల్డ్. ఆ ఇంట్లో చూద్దాం అంటే ఇక మాట్లాడకు అని.

మొదటి కాన్పు సంగతి తెలియకపోతే ఆమె కోపం మీకు అర్థం కాదు. మార్గో పుట్టేటప్పుడు నొప్పులు వాటంతట అవే వచ్చాయి. ఆమె పట్నం ఆసుపత్రిలో ఒక రాత్రీ ఒక పగలూ నొప్పులు పడింది. సాయంత్రం డాక్టరు లోపలికి వచ్చి, మంచం కాళ్ళవైపు నిలబడి, ఆమెతో కాకుండా నర్సుతో, కాన్పు ముందుకు సాగడం లేదు, ఆపరేషన్ థియేటర్ సిద్ధం చెయ్యండి అన్నాడు. ఇంకొంచెం సేపు ఆగండి, బిడ్డ దిగుతోంది, నాకు తెలుస్తోంది అని ఒడెట్ బతిమాలింది. ఆయన రెనాల్డ్ వైపు తిరిగాడు. రెనాల్డ్ అప్పటికి రెండుసార్లు బయటికెళ్ళి తండ్రితో ఫోన్‌లో మాట్లాడి వచ్చాడు. అది మార్చి నెల, సీజన్ ఇంకా నడుస్తోంది, పడవ రేవులో ఊరికే కూర్చుంది. "ఏం చెయ్యాలో మీకు తెలుసు కదా డాక్టర్" అన్నాడు. ఒడెట్ నోట్లోంచి వచ్చిన మాటకు, పక్కనున్న మగవాడి నోట్లోంచి జవాబు వచ్చేసింది. ఆగకూడని కారణం ఏదైనా ఉందో లేదో ఆమెకు ఈనాటికీ తెలియదు. ఉండి ఉండొచ్చు. ఎవరూ చెప్పలేదు.

థియేటర్‌లో ఆమె చేతులు రెండూ చెరోవైపు చాపి పట్టీలు వేశారు. గుడ్డ తెర అవతల ఎవరో ముందు రాత్రి హాకీ ఆట గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకరు నవ్వారు కూడా. బిడ్డ ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు అలా తలుపు దాటి దూరమైపోయింది. వరండాలో మెమే బిడ్డను ఎత్తుకుని ఫొటోలు తీయించి ఊరందరికీ పంపింది. కన్నతల్లి కంటే ముందు ఆ పసిమొహాన్ని రేవులో ఎర అమ్మేవాడు చూశాడు. ఒడెట్ అడిగితే, నువ్వు మత్తులో ఉన్నావు కదా అన్నారు. ఆమె మత్తులో లేదు. ఆమె నడుం కింద మాత్రమే మొద్దుబారింది, పై సగం అంతా వింటూనే ఉంది.

కుట్లు ఆరకముందే రెనాల్డ్ రబ్బరు బట్టలు ఉతికింది, ఎర వాసన పోవాలంటే బ్లీచ్ వేసి రుద్దాలి. థియేటర్‌లోనూ వచ్చిన ఆ బ్లీచ్ వాసనకే ఆమె చేతులు వాటంతటవే పక్కలకు బిగుసుకుపోయేవి. నిద్రలో కూడా చేతులు రెండూ బారచాపి పడుకునేది. మంచమంతా నువ్వే ఆక్రమిస్తున్నావు, నేను సోఫాలో పడుకోవాలా అని విసుక్కునేవాడు రెనాల్డ్. ఎందుకలా పడుకుంటున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. ఇక మెమే సంగతి చెప్పనే అక్కర్లేదు. చర్చి మెట్ల మీద నలుగురిలో నిలబడి, "మా అందరి పిల్లలూ తలుపులోంచి వచ్చారమ్మా, మా కోడలి కూతురు కిటికీలోంచి వచ్చింది" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఒడెట్ కూడా నవ్వేది. నవ్వకపోతే మొహం ముడుచుకుందంటారు. నాలుగేళ్ళు ఆ నవ్వు నవ్వింది. రెండో కాన్పుకొచ్చేసరికి అదే మెమే, కిటికీయే మేలు, టైముకు అయిపోతుంది అంది. అంటే తప్పు కిటికీలోనూ లేదు, తలుపులోనూ లేదు. వాళ్ళకు ఎప్పుడెలా వీలైతే ఆమె అలా కనాలన్నమాట. అది అర్థమైన రోజు ఒడెట్ చేతిలో వల అల్లే సూది ఉంది. దాన్ని బల్లలో గుచ్చాలనిపించింది. గుచ్చలేదు. ఇంకో వరస అల్లింది.

కానీ ఆ రోజునుంచి ఆమె తయారవడం మొదలుపెట్టింది. హాలిఫాక్స్ నగరం దగ్గర ఆమె పిన్ని లూసిల్ ఉంటుంది, బడిలో వంటమనిషి. పిన్నిని చూసొస్తానని చెప్పి ఒడెట్ అక్కడి పెద్ద ఆసుపత్రికి వెళ్ళింది. అబద్ధం కాదు, పిన్నిని కూడా చూసింది. అక్కడ డాక్టర్ వీనో అనే ఆవిడ పాత ఆపరేషన్ కాగితాలు తెప్పించి చూసింది. కోతను కింది భాగంలో అడ్డంగా పెట్టారు, బాగా మానింది, నొప్పులు పడి కనడానికి ప్రయత్నించవచ్చు అంది. పూలబాటేమీ పరచలేదు. ప్రయత్నించిన వాళ్ళలో ఎక్కువమందికి మామూలు కాన్పే అవుతుంది, కొందరికి చివరికి మళ్ళీ కోయాల్సి వస్తుంది. పాత కుట్టు విడిపోయే ప్రమాదం చాలా తక్కువ, కానీ ఉంది, విడితే క్షణాల మీద థియేటర్‌లోకి తీసుకుపోవాలి. అందుకే ఇక్కడే కనాలి, మూడు గంటల దూరంలో కూర్చుని నొప్పులు వచ్చాక బయల్దేరతానంటే కుదరదు, ముందే వచ్చి దగ్గర్లో ఉండాలి అని తెగేసి చెప్పింది. అన్నీ చెప్పి, "నీకు ఆపేయాలనిపిస్తే నువ్వు చెప్పు. నాకు ఆపాలనిపిస్తే ఎందుకో నీకు చెప్తాను. నీకు చెప్పకుండా నేనేమీ చెయ్యను" అంది.

ఒడెట్ ఆ గదిలోంచి బయటికొచ్చి కారు పార్కింగ్‌లో నిలబడి ఏడ్చింది. సంతోషంతో అనుకుంటారేమో. కాదు. ఇంత చిన్న మాట, ఇంత తేలిగ్గా అనగలిగిన మాట, తనకు మొదటిసారి ఎందుకు దొరకలేదని ఒళ్ళు మండి.

తర్వాత రోజూ మార్గోను బడిలో దింపి రేవు రాతికట్ట మీద ఆ చివరి దాకా నడిచేది. బోనుల తాళ్ళకు కట్టి నీళ్ళ మీద తేలించే బెండ్లకు రంగులు వేస్తూ ఊపిరి తీయడం, వదలడం సాధన చేసేది. కావాలనే బ్లీచ్ సీసా మూత తీసి, చేతులు బిగుసుకుంటే, ఇది నా ఇల్లు, ఇవి నా చేతులు అని పైకి అనుకుంటూ వదులు చేసుకునేది. పిన్నితో ఫోన్‌లో మొదటి కాన్పు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది, మళ్ళీ మళ్ళీ చెప్పింది. మొదట్లో ఏడుస్తూనే చెప్పేది. చెప్పగా చెప్పగా ఏడుపు తగ్గి కోపం మిగిలింది. ఏడుపుకంటే కోపం మోయడం తేలిక అంది పిన్ని, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. రెనాల్డ్‌కు కూడా చెప్పింది, మూడుసార్లు. హాలిఫాక్స్ డాక్టరు ఏమందో, ప్రమాదమెంతో, ఎందుకు కావాలనుకుంటోందో, దాచకుండా చెప్పింది. మూడుసార్లూ చూద్దాం అన్నాడు. మూడోసారి టీవీ గొంతు పెంచాడు. ఆమె సంచీ సర్ది అలమారలో పెట్టుకుంది, పిన్ని గదిలో మంచం వేయించుకుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఒక్క అడుగూ వెయ్యలేకపోయింది. సీజన్ అంటే ఏమిటో ఆమెకు తెలియకపోతే కదా. ఆమె తండ్రి కూడా పడవ మనిషే. సీజన్‌కు అడ్డం వచ్చిన ఆడదాన్ని ఈ ఒడ్డు ఎన్నేళ్ళు గుర్తుపెట్టుకుంటుందో ఆమెకు బాగా తెలుసు. అలా బుధవారం కూడా అయిపోయి గురువారం వచ్చేసింది.

ఇక ఆ వంటింట్లోకి వద్దాం. ఒడెట్ దుంపలు తురమడం అయింది, గుడ్డలో మూటకట్టి తొట్టి మీద పిండుతోంది. బల్ల దగ్గర రెనాల్డ్, పెపే, పడవలో పనిచేసే ఇద్దరు మగవాళ్ళు కూర్చున్నారు, మెమే వాళ్ళకు టీ పోస్తోంది. బల్ల మధ్యలో రెనాల్డ్ ఫోన్ గొంతు పెంచి పెట్టి ఉంది. ప్రతి సీజన్ ముందూ వాతావరణం చూసే అధికారులూ, రేవు రేవుకీ ఒక కెప్టెనూ ఫోన్‌లో కలిసి, బయల్దేరవచ్చా లేదా అని తేలుస్తారు. బోనులు నిండిన పడవలు బరువుకు అంచుల దాకా మునిగి ఉంటాయి, గాలి పెద్దదైతే ఒరిగిపోతాయి. అలా పోయిన వాళ్ళ పేర్లు చర్చి గోడ మీద ఉన్నాయి.

వాయవ్యం నుంచి పెద్ద గాలి వస్తోందని ఫోన్‌లో చదివారు. ఒక్కో రేవూ తన మాట చెప్పింది. సోమవారం వద్దు అన్నారందరూ. మరి మంగళవారమా అని ఎవరో అడిగితే, గాలి తగ్గేదాకా ఆగడమే, ఎప్పుడు తగ్గితే అప్పుడే బయల్దేరడం అన్నారు. ఫోన్ అయిపోయింది. ఒక్క మొహం కూడా ముడుచుకోలేదు. సీజన్ వెనక్కి పోయింది, ఎర కుళ్ళవచ్చు, పక్క ఊరివాళ్ళకంటే వెనకబడవచ్చు, అయినా ఎవరూ గాలిని తిట్టలేదు. పెపే తాపీగా టీలో పాలు పోసుకున్నాడు.

"ఆవిడ ఒప్పుకున్నప్పుడే వెళ్ళాలి" అన్నాడు. "ఆవిణ్ణి తొందరపెట్టినవాడు తిరిగి రాలేదు."

సముద్రం గురించి. మా మగవాళ్ళు సముద్రాన్ని ఎప్పుడూ ఆడమనిషిలాగే చెప్పుకుంటారు. అంత మర్యాదగా ఇంట్లో ఆడమనిషి గురించి మాట్లాడగా ఎవరైనా విన్నారా?

ఒడెట్ చేతులు మూట మీద ఆగిపోయాయి. ఆమె వెనక్కి తిరగకుండానే, అయితే రేపటి ఆపరేషన్ అక్కర్లేదు అంది. దానికీ దీనికీ సంబంధమేమిటన్నాడు రెనాల్డ్. సోమవారం కోసమే కదా శుక్రవారం పెట్టింది, సోమవారం పోయింది కదా అంది ఆమె. మెమే అందుకుని, డాక్టరు ఇచ్చిన టైము అది, ఇష్టమొచ్చినప్పుడు మార్చుకోవడానికి జుట్టు కత్తిరించుకోవడమా అంది. గాలి ఎప్పుడు తగ్గుతుందో ఎవరికి తెలుసు, ఈలోగా పని కానిచ్చేస్తే మంచిది అన్నాడు రెనాల్డ్. పనివాళ్ళలో పెద్దవాడు, "అవునమ్మా, గాలి బరువెక్కుతోంది, నువ్వన్నా తేలికైపో" అన్నాడు. బల్ల చుట్టూ నవ్వారు.

ఆ నవ్వుకు ఒడెట్ నవ్వలేదు. నాలుగేళ్ళలో మొదటిసారి. నీళ్ళు కారుతున్న మూట చేతిలో పట్టుకునే ఇటు తిరిగింది.

"గాలికి ఆగారు కదా. నాకు కూడా ఆగండి."

"గాలి వేరు, నువ్వు వేరు, ఒడెట్" అన్నాడు రెనాల్డ్, చిన్నపిల్లకు చెప్పినట్టు.

"అవును, వేరే. గాలి మీ వలలు అల్లలేదు. మీ బెండ్లకు రంగులు వెయ్యలేదు. మీ కంపు బట్టలు ఉతకలేదు. మీకు దుంపలు తురిమి వండిపెట్టలేదు. ఒక్క పనీ చెయ్యని గాలికి ఈ ఒడ్డున ఉన్న పడవలన్నీ ఆగాయి. నాకు ఎవరాగారు? పోయినసారి నేను కొంచెం సేపు అడిగాను రెనాల్డ్. నువ్వే పక్కన ఉన్నావు."

అతను కప్పులోకి చూశాడు. ప్రమాదం అన్నాడు, బిడ్డకేమైనా అయితే అన్నాడు. అందుకే పెద్ద ఆసుపత్రికి వెళతానంటున్నాను, మూడుసార్లు చెప్పాను, నువ్వు టీవీ చూస్తున్నావు అంది ఆమె. పనివాళ్ళిద్దరూ లేచి టోపీలు వెతుక్కున్నారు.

మెమే మొహం ఎర్రబడింది. "మేం కనలేదా? ముగ్గుర్ని కన్నాను. ఒక్కడు పుట్టినప్పుడైనా ఈయన ఒడ్డున లేడు. నన్నెవరడిగారే? నీకెప్పుడు కావాలి, ఎలా కావాలి అని నన్నెవరడిగారు?"

"అడగాల్సింది మెమే" అంది ఒడెట్. "మిమ్మల్ని అడగాల్సింది."

మెమే పెపే వైపు ఒక్కసారి చూసింది. ఆయన పాలగిన్నె వైపు చూస్తున్నాడు. అప్పుడు మెమే లేచివచ్చి ఒడెట్ చేతిలోని మూట లాక్కుని, తొట్టి మీద వంగి మెలిపెట్టి పిండింది. ఆ ముసలి చేతుల్లో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో, నీళ్ళు ధారగా కారాయి. వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. మార్గోను బడినుంచి నేను తెస్తాలే అని గోడతో అన్నట్టు అంది.

ఒడెట్ అలమారలోని సంచీ తీసుకుంది. పట్నం ఆసుపత్రికి ఫోన్ చేసి, రేపు రావడం లేదని చెప్పింది. అవతలివాళ్ళు మీ ఆయనకు తెలుసా అని అడిగారు. ఆ మాటకు ఆమె నవ్విన నవ్వు పక్కింటిదాకా వినిపించింది.

ఇక బండి. ఆ ఇంట్లో నడిచే బండి ఒక్క ట్రక్కే, దాని మీద బోనులు గోపురంలా పేర్చి కట్టి ఉన్నాయి. ట్రక్కు ఖాళీ లేదు అన్నాడు రెనాల్డ్, దాంతో వాదన అయిపోయినట్టే. ఒడెట్ కోటు వేసుకుని వాకిట్లోకి నడిచింది. గాలి అప్పటికే మొదలైంది, స్కార్ఫ్ మొహానికి చుట్టుకుంటోంది. ఆ తాడు ముడి ఎలా విప్పాలో ఆమెకు తెలుసు, మొన్న కట్టింది ఆమే. పొట్టను ట్రక్కు పక్కకు ఆనించుకుని ముడి విప్పి, తాడు లాగింది. పై వరస బోను ఒకటి దడేల్మని వాకిట్లో పడింది. రోడ్డవతల రెండు ఇళ్ళ కిటికీ తెరలు కదిలాయి. అప్పుడు పరుగెత్తుకొచ్చాడు రెనాల్డ్. ఒళ్ళు తెలుస్తోందా నీకు అని అరిచాడు. ఇప్పుడే తెలుస్తోంది అంది. అతను తిట్టుకుంటూ ఒక్కో బోనూ దించాడు. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని, అద్దం దించి, అయ్యేదాకా చూసింది. ఊళ్ళో చెప్పుకునే కథలో ఉన్నది ఈ ముక్కే, కెప్టెన్ చేత ఎక్కించిన బోనులు దింపించిందట అని. నిజమే, దింపించింది. ఎక్కించేటప్పుడు తాళ్ళు కట్టిందెవరో మాత్రం ఆ కథలో ఉండదు.

జరుగు, నేను నడుపుతాను అన్నాడు రెనాల్డ్.

"వస్తానంటే అటువైపు ఎక్కు" అంది.

అతను చుట్టూ తిరిగి అటువైపు ఎక్కాడు.

దారి పొడుగునా ఆమే నడిపింది, నడుం పట్టేసినప్పుడల్లా ఆపి దిగి నాలుగడుగులు వేసి మళ్ళీ ఎక్కింది. అతను సగం దారిలో, నువ్వు ఆగమన్న సంగతి నాకు గుర్తుంది అన్నాడు. అప్పుడు భయమేసింది అన్నాడు. నాకూ వేసింది, అయినా నేను మాట్లాడాను అంది ఆమె.

మంగళవారం సాయంత్రం గాలి పడిపోయింది. నొప్పులు ఇంకా రాలేదు. పిన్ని లూసిల్ ఇంటి గుమ్మంలో రెనాల్డ్ ట్రక్కు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వెళ్ళనా అని అడిగాడు. పోయినసారి అడగని మనిషి ఈసారి అడిగాడు కదా అని మీరు మెత్తబడవద్దు. అతను కోటు వేసుకున్నాకే అడిగాడు. ఒడెట్ వెళ్ళు అంది. వెళ్ళాడు. సముద్రం పిలిస్తే ఆగడం అతనికి ఎవరూ నేర్పలేదు. ఆమె అది మర్చిపోలేదు, మర్చిపొమ్మని అతను అడగలేదు. వాళ్ళిద్దరి మధ్యా ఆ సంగతి ఇప్పటికీ బల్ల మీద ఉప్పుగిన్నెలా అలాగే ఉంది.

పడవలు వెళ్ళిన మర్నాడు నొప్పులు వచ్చాయి. పిన్ని చెయ్యి పట్టుకుని ఆసుపత్రి వరండాలో నడిచింది. వంగింది, గోడను తోసింది, ఊపిరి తీసింది, వదిలింది. బిడ్డ గుండె చప్పుడు వినిపించే యంత్రం పక్కనే ఉంది. ఎవరైనా బ్లీచ్ గుడ్డతో నేల తుడిస్తే చేతులు బిగిసేవి, వదులు చేసుకునేది. గంటలు గడిచాయి. పోయినసారి ఎక్కడ ఆగిందో అక్కడికే వచ్చి మళ్ళీ ఆగింది కాన్పు. ఒడెట్‌కు తెలిసిపోయింది. ఇప్పుడు తలుపు తెరుచుకుంటుంది, మంచం కాళ్ళవైపు ఎవరో నిలబడతారు, తనతో కాక ఇంకెవరితోనో మాట్లాడతారు అనుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

తలుపు తెరుచుకుంది. డాక్టర్ వీనో స్టూలు లాక్కుని ఆమె తల పక్కన కూర్చుంది. కాన్పు నెమ్మదించింది అంది. బిడ్డ గుండె బాగుంది, నీ కుట్టు దగ్గర అనుమానపడేది ఏమీ కనిపించడం లేదు, ఇంకాసేపు చూడొచ్చు, వద్దంటే ఇప్పుడే థియేటర్‌కు వెళ్ళొచ్చు, రెండూ తప్పు కాదు అని చెప్పింది. ఆ పైన, "నువ్వు చెప్పు ఒడెట్. మేం ఆగగలం" అంది.

ఆ మాటకు ఒడెట్ పెట్టిన కేక నొప్పి కేక కాదని పిన్ని ఈనాటికీ చెబుతుంది. ఆగగలం. ఇంతేనా? ఒక స్టూలు లాక్కుని కూర్చుంటే అయిపోయే పనా ఇది? దీనికేనా నాలుగేళ్ళు చేతులు బారచాపి పడుకున్నది, దీనికేనా చర్చి మెట్ల మీద నవ్వింది? ఆమె దిండును కొట్టింది, మంచం కడ్డీని కొట్టింది. డాక్టర్ కదలకుండా కూర్చుంది. పిన్ని కూడా అలాగే కూర్చుంది. కొట్టడం అయ్యాక ఒడెట్ మొహం తుడుచుకుని, ఏం చెయ్యాలో చెప్పింది. ఆమె చెప్పినట్టే చేశారు.

కొడుకు పుట్టాడు. లియోన్స్ అని పేరు పెట్టుకుంది. వాడి మొహం అందరికంటే ముందు ఆమే చూసింది. ఆమె చూసినంతసేపు చూశాక, చాలు అనుకున్నాక, పిన్నికి చూపించింది. ఊరికి ఫొటో మూడు రోజుల తర్వాత వెళ్ళింది.

తలుపులోంచి వచ్చాడా కిటికీలోంచి వచ్చాడా అని ఈ ఒడ్డున అందరూ అడిగారు. రేవులో అడిగారు, ఎర దుకాణంలో అడిగారు. చర్చి మెట్ల మీద ఒకావిడ మెమేనే పట్టుకుని అడిగింది. మెమే ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "నా కోడల్ని అడిగారు, తను చెప్పింది, వాళ్ళు విన్నారు. నీ పిల్లలు పుట్టినప్పుడు నిన్నెవరడిగారు?" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మీకూ అడగాలని ఉంది, మీ మొహాలు చూస్తే తెలుస్తోంది. నేను చెప్పను. మీరిక్కణ్ణుంచి వెళ్ళాక ఈ కథ చెప్పండి. పడవ మనుషుల ఇళ్ళలో చెప్పండి, కడుపుతో ఉన్న ఆడపిల్లలకు చెప్పండి, వాళ్ళ మొగుళ్ళు వింటుండగా చెప్పండి. గాలికి పడవలు ఆగడం దగ్గర మొదలుపెట్టండి, ముడి విప్పిన చోట గొంతు పెంచండి. చివర్లో ఎవరో ఒకరు తలుపా కిటికీనా అని అడుగుతారు. అప్పుడు మళ్ళీ మొదటినుంచి చెప్పండి.